హొక్కైడో దీవికి దారి ఏది?

పిల్లలూ, మీ అట్లాసు తీసి జపాను పటం చూడండి. జపాను దీవుల దేశం. అన్నిటికన్నా పెద్ద దీవి పేరు హోన్షూ. రాజధాని టోక్యో దానిమీదే ఉన్నది. హోన్షూకు ఉత్తరపు కొసన, దానికి తల పెట్టినట్టుగా మరొక పెద్ద దీవి కనబడుతుంది. అదే హొక్కైడో. దాని వైశాల్యం సుమారు 83 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన తెలంగాణలో ముప్పాతిక భాగం అన్నమాట. కాని జనం మటుకు 50 లక్షలే. చలి ఎక్కువ, శీతకాలమంతా మంచు కురుస్తూనే ఉంటుంది. ఐనూ అనే జాతివారికి అది అనాదిగా స్వస్థలం.

ఈ రెండు దీవులకూ మధ్య ఉన్న సన్నని సముద్రాన్ని త్సుగారు జలసంధి అంటారు. ఇరుకైన చోట దాని వెడల్పు 20 కిలోమీటర్లు కూడా లేదు. గట్టిగా తొక్కితే సైకిలుమీద గంటన్నరలో పోయే దూరం! కాని ఆ 20 కిలోమీటర్లను భయం లేకుండా దాటటానికి జపాను వారికి ఎనభై ఏళ్ళు పట్టింది. ఆ కథే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

టోక్యోలో ఉండే మీ ఈడు పిల్లవాడొకడు సెలవులకు హొక్కైడోలోని సప్పోరో నగరంలో ఉన్న తన అవ్వ ఇంటికి పోవాలనుకోండి. ఈనాడు వాడికి మూడు దారులున్నాయి. విమానం ఎక్కితే గంటన్నర ప్రయాణం. రైలు ఎక్కితే సముద్రం అడుగున ఉన్న సొరంగం గుండా, మధ్యలో ఒకచోట రైలు మారి, సుమారు ఎనిమిది గంటలలో చేరవచ్చు. లేదా టోక్యోకు ఈశాన్యాన ఉన్న ఓఅరాయ్ రేవులో పెద్ద ఓడ ఎక్కి రాత్రంతా నిద్రపోతే, పద్ధెనిమిది గంటల తరవాత హొక్కైడోలోని తొమకొమాయ్ రేవులో దిగవచ్చు. ఈ మూడు దారులూ ఒక్కసారిగా ఏర్పడలేదు.

మొదట ఉన్నది ఓడ దారి ఒక్కటే. హోన్షూ కొసన అఓమోరి అనే ఊరు, హొక్కైడో ఒడ్డున హకొదాతె అనే ఊరు ఉన్నాయి. ఈ రెండు రేవుల మధ్య దూరం 113 కిలోమీటర్లు. జలసంధి సన్ననిదే అయినా, మంచి రేవులు రెండూ లోతైన అఖాతాలలో ఉండటంచేత ప్రయాణం అంత దూరమయింది. జపాను రైల్వేవారు 1908 మార్చి 7న ఈ దారిలో తమ ఓడలు నడపసాగారు. మొదటి ఓడ పేరు హిరఫు మారు. స్కాట్లాండులో తయారయి వచ్చింది. (జపాను ఓడల పేర్ల చివర ‘మారు’ అని ఉంటుంది. అది వారి ఆచారం.)

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మనుషులైతే రైలు దిగి నడిచి ఓడ ఎక్కుతారు. బంగాళాదుంపల బస్తాలు, బొగ్గు, చేపలు నడవవు గదా! ప్రతి బస్తానూ రైలులోనుంచి దింపి, పడవలోకి ఎక్కించి, పడవలోనుంచి ఓడలోకి ఎక్కించి, అవతలి ఒడ్డున మళ్ళీ ఇదంతా తిరగవేసి చెయ్యాలి. దీనితో ఎంతో కాలం వృథా అయ్యేది, చేపలు కుళ్ళేవి. అందుకని వారు మంచి ఉపాయం చేశారు. ఓడలోనే రైలు పట్టాలు వేశారు! 1925 నుంచి గూడ్సు వాగన్లు సరుకుతో సహా ఓడలోకి పోవటం మొదలయింది.

ఆ పని ఎట్లా జరిగేదో చెప్పితే మీకు ముచ్చట వేస్తుంది. ఓడ వెనకకు నడిచి, తన వెనక భాగాన్ని రేవు గట్టుకు ఆనించి నిలబడేది. గట్టుకూ ఓడకూ మధ్య, పైకీ కిందికీ కదిలే వంతెన ఒకటి ఉండేది. సముద్రం పోటులో ఉంటే ఓడ పైకి లేస్తుంది, ఆటులో ఉంటే కిందికి దిగుతుంది. దానితోబాటు వంతెన కూడా కదలాలి గదా. ఇంజను చాలా బరువు గనక దాన్ని ఆ వంతెనమీదికి రానిచ్చేవారు కాదు. ఇంజనుకూ వాగన్లకూ మధ్య కొన్ని ఖాళీ బండ్లు తగిలించి, దూరంనుంచే నెట్టించేవారు. మనం పొయ్యిలోకి పుల్లను ఇంకొక పుల్లతో తోసినట్టు.

ఇంకొక తమాషా ఉన్నది. ఓడలో ఒక పక్క పట్టాలమీదికి వాగన్లు పోగానే ఓడ ఆ పక్కకు ఒరుగుతుంది. కావడి మోసేవాడికి ఒక పక్క కుండ నిండి, రెండో పక్క కుండ ఖాళీగా ఉంటే ఎట్లా ఉంటుంది? అందుకని ఓడకు రెండు పక్కలా నీటి తొట్లు పెట్టి, బరువును బట్టి నీటిని పంపులతో అటూ ఇటూ మార్చేవారు.

అంతా బాగానే ఉన్నది. కాని వాగన్లు లోపలికి పోవటానికి ఓడ వెనక భాగాన పెద్ద ద్వారం ఉండేది. దానికి తలుపు లేదు! ఏనాడూ ఏ ప్రమాదమూ జరగలేదు గనక తలుపు అక్కరలేదనుకున్నారు.

1954 సెప్టెంబరు 26వ తేదీ వచ్చింది. ఆనాడు పెద్ద తుఫాను ఒకటి జపానును దాటి, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఉత్తరంగా పరుగెత్తుతున్నది. హకొదాతెలో తోయా మారు అనే ఓడ మధ్యాహ్నం 2 గంటల 40 నిమిషాలకు బయలుదేరవలసి ఉన్నది. గాలి ఎక్కువగా ఉన్నదని కెప్టెను ప్రయాణం ఆపివేశాడు. ఆయన ఆ దారిలో చాలా అనుభవం గలవాడు.

సాయంకాలం అయిదు గంటలయింది. ఉన్నట్టుండి వాన వెలిసింది. గాలి తగ్గింది. మబ్బులు విడిపోయి ఆకాశం కనిపించింది.

పిల్లలూ, మా ఊరు సముద్రానికి దగ్గర. చిన్నతనంలో తుఫాను వచ్చినప్పుడు మా నాయనమ్మ మమ్మల్ని గుమ్మం దాటనిచ్చేది కాదు. గాలి ఆగిపోయినా సరే, “ఉండండిరా, అది మళ్ళీ వస్తుంది” అనేది. ఆమె బడికి పోయిన మనిషి కాదు, కాని ఆ మాటలో నిజం ఉన్నది. తుఫాను గుండ్రంగా తిరిగే పెద్ద గాలి సుడి. సుడి నడుమ గాలి ఉండదు. దాన్ని తుఫాను కన్ను అంటారు. కన్ను మన మీదినుంచి పోతున్నంతసేపు అంతా నెమ్మదిగా ఉంటుంది. అది దాటగానే గాలి రెండో వైపునుంచి విరుచుకుపడుతుంది.

కెప్టెనుకు ఇది తెలియక కాదు. వచ్చింది తుఫాను కన్నే అయి ఉంటుందనీ, తుఫాను పరుగెత్తుతున్న వేగాన్నిబట్టి ఇక కొద్ది సేపటిలో దూరంగా పోతుందనీ ఆయన అనుకున్నాడు. ఆ లెక్కలో తప్పు లేదు. కాని వచ్చింది తుఫాను కన్ను కాదని తరవాత తేలింది. నిజమైన తుఫాను ఇంకా పడమటి సముద్రంలోనే ఉన్నది. అంతేగాక, అంతవరకు పరుగెత్తుతూ వచ్చినది అక్కడికి వచ్చి నడక తగ్గించింది, బలం పెంచుకున్నది. ఆకాశంలోనుంచి మేఘాలను ఫొటోలు తీసే ఉపగ్రహాలు ఆ రోజులలో లేవు. అది ఎక్కడ ఉన్నదో కంటితో చూసి చెప్పగలవారు ఎవరూ లేరు.

సాయంకాలం 6 గంటల 39 నిమిషాలకు తోయా మారు రేవు వదిలింది. లోపల 1,300 మందికి పైగా ఉన్నారు. రేవు గోడ దాటగానే సెకనుకు 40 మీటర్ల వేగంతో గాలి కొట్టింది. దాన్ని గంటలలోకి మార్చి చూడండి: 144 కిలోమీటర్లు! కెప్టెను ముందుకు పోకుండా అఖాతంలోనే లంగరు వేయించాడు. కాని పెద్ద అలలు వెనక ద్వారంలోనుంచి లోపలికి ఎక్కసాగాయి. పట్టాల అంతస్తు నిండా నీళ్ళు నిలిచాయి. అక్కడినుంచి కిందికి, బాయిలర్లూ ఇంజన్లూ ఉన్న గదులలోకి కారాయి. నిప్పు ఆరింది, ఆవిరి పోయింది, ఇంజన్లు ఆగిపోయాయి. లంగరు నిలవలేదు. ఓడను ఇసుక ఒడ్డుకు చేర్చి నిలపాలని చూశారు. కాని రాత్రి పదిన్నర దాటిన తరవాత, ఒడ్డు ఒక కిలోమీటరు కూడా లేదనగా, ఓడ పక్కకు ఒరిగి బోర్లపడింది. 1,150 మందికి పైగా చనిపోయారు. కెప్టెను కూడా చనిపోయాడు. బ్రతికి ఒడ్డు చేరినవారు 160 మంది కూడా లేరు. ఆ రాత్రే అక్కడ మరి నాలుగు సరుకుల ఓడలు మునిగిపోయాయి. అన్నీ కలిసి 1,400 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

తరవాత కట్టిన ఓడలన్నిటికీ వెనక ద్వారానికి నీరు చొరని గట్టి తలుపులు పెట్టారు. ఆవిరి ఇంజన్లకు బదులు డీజిలు ఇంజన్లు వచ్చాయి. 1964లో వచ్చిన కొత్త ఓడలు ఒక్కొక్కటి 48 వాగన్లను మోసుకుని, 3 గంటల 50 నిమిషాలలో అవతలికి చేరేవి. కాని జనానికి ఆ రాత్రి మరపుకు రాలేదు. సముద్రంమీద కాక సముద్రం కిందనుంచి పోదామన్న మాట అంతకు ముందే ఉన్నది; 1946 నుంచే నేలను పరీక్షిస్తున్నారు. తోయా మారు మునిగిన తరవాత ఆ మాటకు బలం వచ్చింది.

సొరంగం ఎక్కడ తవ్వాలి? జలసంధికి తూర్పు వైపునా ఇరుకే, పడమటి వైపునా ఇరుకే. తూర్పున సముద్రం చాలా లోతు. పడమటి దారిలో అన్నిటికన్నా లోతైన చోట 140 మీటర్లు. కనక పడమటి దారి మేలన్నారు. సముద్రపు అడుగుకూ సొరంగానికీ మధ్య 100 మీటర్ల రాయి ఉండాలని నిర్ణయించారు. 140, 100 కలిపితే 240. అంటే రైలు సముద్ర మట్టానికి 240 మీటర్లు కిందికి దిగి, మళ్ళీ పైకి ఎక్కాలి.

ఇప్పుడు ఒక లెక్క. రైలు ఎక్కువ వాలు ఎక్కలేదు, ఇనప చక్రం ఇనప పట్టామీద జారుతుంది. అందుకని వెయ్యి మీటర్ల దూరానికి 12 మీటర్లకు మించి దిగకూడదని నియమం పెట్టుకున్నారు. అట్లా అయితే 240 మీటర్లు దిగటానికి ఎంత దూరం కావాలి? 20 కిలోమీటర్లు! ఎక్కటానికి మరొక 20. సముద్రం కింద ఉండే భాగం 23.3 కిలోమీటర్లే అయినా, సొరంగం మొత్తం పొడవు 53.85 కిలోమీటర్లు ఎందుకయిందో మీకు ఇప్పుడు తెలిసింది గదా. మిగిలిన ముప్పై కిలోమీటర్లూ రెండు ఒడ్డుల నేల కిందే ఉన్నది. నేను బడిలో ఈ లెక్క ఇచ్చినప్పుడు ఒక పిల్లవాడు, “రైలును బావిలోకి చేద దింపినట్టు దింపరాదా?” అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. 

1964లో హొక్కైడో వైపున, 1966లో హోన్షూ వైపున తవ్వకం మొదలయింది. సొరంగం ఒకటి కాదు, మూడు తవ్వారు. అన్నిటికన్నా ముందు ఒక చిన్న సొరంగం ముందరి రాయి ఎటువంటిదో తెలుసుకుంటూ పోతుంది. దాని వెనక మనుషులూ సామానూ పోవటానికి రెండోది. ఆ వెనక రైలు పోయే పెద్ద సొరంగం. తవ్వే యంత్రాన్ని తెచ్చి చూశారు గాని, అక్కడి రాయి ఒకచోట గట్టిగా, ఒకచోట పిండిలాగా ఉండటంచేత అది పనికి రాలేదు. చివరకు డైనమైటుతో పేల్చి తవ్వారు.

నెత్తిన సముద్రం పెట్టుకుని తవ్వేవాడికి రాయికన్నా నీరే శత్రువు. రాతిలో చిన్న పగులు ఉన్నా పైనున్న సముద్రం అందులోనుంచి చిమ్ముతుంది. అందుకని ముందు పొడుగాటి రంధ్రాలు తొలిచి, వాటిలోకి సిమెంటునూ సోడియం సిలికేటు ద్రావణాన్నీ గొప్ప ఒత్తిడితో ఎక్కించేవారు. అవి పగుళ్ళలోకి పాకి గట్టిపడేవి. అప్పుడు తవ్వేవారు. తవ్విన వెంటనే గోడలమీద కాంక్రీటును గాలి ఒత్తిడితో చిమ్మేవారు. ఇంత చేసినా నాలుగుసార్లు పెద్ద వరద లోపలికి వచ్చింది. 1976 మే నెలలో వచ్చిన వరద అన్నిటికన్నా పెద్దది. నిమిషానికి పదుల టన్నుల నీరు! మనుషులు బయటికి పరుగెత్తారు. తవ్విన సొరంగంలో కొంత భాగం చెరువైపోయింది. ఆ చోటును వదిలి పక్కగా దారి మళ్ళించి తవ్వవలసి వచ్చింది.

1983 జనవరి 27న చిన్న సొరంగం రెండు కొసలూ కలిశాయి. ఆఖరి పేలుడుకు మీట నొక్కినవాడు జపాను ప్రధానమంత్రి నకసొనె. పెద్ద సొరంగం 1985 మార్చి 10న కలిసింది. తవ్వకంలో 34 మంది పనివారు చనిపోయారు. వారి స్మారకం హోన్షూ కొసన తప్పి అగ్రంలో సముద్రంవైపు ఉన్నది.

1988 మార్చి 13న సెయికాన్ సొరంగంలో రైళ్ళు నడవసాగాయి. ఆనాటితోనే అఓమోరి–హకొదాతె రైల్వే ఓడల రాకపోకలు ఆగిపోయాయి. టోక్యోనుంచి సప్పోరోకు రాత్రి రైలు కూడా ఒకటి వేశారు. దాని పేరు హొకుతోసెయి; అంటే ఆకాశంలో మనం సప్తర్షులని పిలిచే చుక్కలు. ఉత్తరానికి పోయే రైలుకు ఇంతకంటె మంచి పేరేముంటుంది? అది 2015 దాకా నడిచింది.

కాని ఒక విచిత్రం జరిగింది. తవ్వకం సాగిన ఇరవై నాలుగేళ్ళలో విమానాలు పెద్దవయ్యాయి, వాటి రేట్లు తగ్గాయి. సొరంగం తయారయ్యే నాటికి టోక్యోనుంచి సప్పోరో పోయేవారిలో చాలామంది విమానం ఎక్కటానికి అలవాటుపడ్డారు. ఇప్పుడు టోక్యో–సప్పోరో విమానాల దారి లోకంలో ఎక్కువ రద్దీ గల దారులలో ఒకటి. మంచు విపరీతంగా కురిసిన రోజున మటుకు విమానాలు ఆగిపోతాయి, విమానాశ్రయంలోనే రాత్రి గడపవలసి వస్తుంది.

అట్లా అని ఇంత శ్రమా వృథా అయిందనుకోకండి. కొందరు పెద్దవాళ్ళు అట్లాగే అన్నారు. అది సరికాదని నా అభిప్రాయం. జపానులో పండే బంగాళాదుంపలలో నూటికి 75 పాళ్ళకు పైగా హొక్కైడోలోనే పండుతాయి. ఉల్లిపాయలు సగానికి పైగా అక్కడివే. వాటిని విమానంలో పంపితే కిలో ఉల్లి ఎంతకు అమ్మాలి? ఓడలలోనూ పోతాయి, కాని చాలా సరుకు రాత్రింబవళ్ళు గూడ్సు రైళ్ళలో సముద్రం కిందనుంచి టోక్యోకూ ఒసాకాకూ పోతున్నది. తుఫాను వచ్చినా, మంచు కురిసినా సొరంగంలో మటుకు ఏడాది పొడుగునా ఒకటే వాతావరణం: సుమారు 20 డిగ్రీల వేడి, తడి గాలి. ఊరే నీరు దానంతట అది బయటికి పోలేదు, ఎందుకంటే నడుమ భాగమే అన్నిటికన్నా పల్లం. పంపులు ఎప్పుడూ తోడుతూనే ఉంటాయి.

2016 మార్చి 26 నుంచి షింకన్‌సెన్ అనే అతివేగపు రైలు కూడా ఈ సొరంగంలో పోతున్నది. అక్కడ పట్టాలు రెండు కాదు, మూడు! జపాను పాత రైళ్ళ పట్టాల మధ్య దూరం 1,067 మిల్లీమీటర్లు, షింకన్‌సెన్‌కు 1,435. (మన బ్రాడ్‌గేజికి 1,676.) ఒక పట్టా రెండు రకాల రైళ్ళకూ ఉమ్మడి, మిగిలిన రెండూ చెరి ఒకటి. అన్నదమ్ములిద్దరు ఇంటి గోడ ఒకటి ఉమ్మడిగా ఉంచుకున్నట్టు. దీనివల్ల ఒక తగాదా కూడా ఉన్నది. అతివేగపు రైలు గూడ్సు రైలు పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలి దెబ్బకు గూడ్సుమీది పెట్టెలకు ప్రమాదం రావచ్చు. అందుకని షింకన్‌సెన్ ఈ సొరంగంలో మామూలు రోజులలో గంటకు 160 కిలోమీటర్లకు మించి పోదు. అంటే ఉల్లిపాయల కోసం మనుషులు నెమ్మదిగా పోవాలి! ఈ రైలు హకొదాతె దగ్గరి దాకానే వస్తుంది. అక్కడినుంచి సప్పోరోకు దారి వేస్తున్నారు. అనుకున్న కాలానికి పూర్తి కాక వెనకబడింది.

ఓడలు మాత్రం పోలేదు. రైల్వే ఓడలు ఆగినా, లారీలనూ కార్లనూ మోసే ఓడలు అఓమోరినుంచి, నీగాతానుంచి, నగోయానుంచి కూడా హొక్కైడోకు పోతూనే ఉన్నాయి. నగోయానుంచి అయితే దాదాపు రెండు రాత్రుల ప్రయాణం. కారుతో సహా పోయే సంసారాలు, గుర్రాలను తీసుకుపోయేవారు, తొందర లేనివారు వాటిలో పోతారు.

మీలో ఎవరైనా పెద్దయిన తరవాత అటు పోతే అఓమోరి రేవులో హక్కోదా మారు అనే పసుపుపచ్చ ఓడను చూడండి. 1964లో వచ్చిన కొత్త ఓడలలో అది ఒకటి. ఆఖరి రోజు దాకా నడిచి, ఇప్పుడు ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది. మెట్లు దిగి కింది అంతస్తుకు పోతే ఓడ కడుపులో రైలు పట్టాలూ, వాటిమీద బండ్లూ ఇప్పటికీ ఉన్నాయి. ఆ పట్టాల వెంట వెనక్కు నడిస్తే, చివర ఒక బరువైన ఇనప తలుపు కనబడుతుంది.